ఏ ఒక్క రాత్రీ జరగని కచేరీ: గ్రేట్‌ఫుల్ డెడ్ ‘లైవ్/డెడ్’

1969 నవంబర్‌లో విడుదలైన ‘లైవ్/డెడ్’ రికార్డు మొదలవడమే మధ్యలో మొదలవుతుంది. చప్పట్లు లేవు, పరిచయం లేదు, శ్రుతి సరిచూసుకోవడం లేదు. నిశ్శబ్దంలోంచి సంగీతం మెల్లగా తేలుతుంది, వినపడేసరికే వాద్యాలన్నీ మాటల్లో పడి ఉంటాయి. ఫిబ్రవరి 27 రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫిల్‌మోర్ వెస్ట్ హాల్లో గ్రేట్‌ఫుల్ డెడ్ అనే రాక్ బృందం అంతకుముందు వేరే పాట వాయించింది. ఎక్కడా ఆపకుండా, దాని కొసను పట్టుకునే ‘డార్క్ స్టార్’లోకి వెళ్ళింది. రికార్డులో ఆ ముందు పాటను వదిలేశారు. అతుకు తెలియకుండా వాల్యూమ్‌ను సున్నా నుంచి పెంచుకుంటూ వచ్చారు.

కత్తెర పడింది అక్కడ ఒక్కచోటే కాదు. రెండు ఎల్పీలు, నాలుగు సైడ్లు, ఏడు ట్రాక్‌లు, దాదాపు గంటా పావు సంగీతం. ఇందులో ‘డార్క్ స్టార్’, ‘సెయింట్ స్టీఫెన్’ ఫిబ్రవరి 27వి. వాటి వెనకే ఊపిరి తీసుకునే వ్యవధి లేకుండా వచ్చే ‘ది ఇలెవెన్’, ‘టర్న్ ఆన్ యువర్ లవ్ లైట్’ మాత్రం నెల రోజుల ముందు, జనవరి 26న, అదే ఊళ్ళో అవలాన్ బాల్‌రూమ్‌లో వాయించినవి. నాలుగో సైడ్‌లో ఉన్న మూడూ మార్చి 2 నాటివి. అంటే శ్రోత వింటున్న ఈ కచేరీ, ఈ వరసలో, ఏ రాత్రీ జరగలేదు.

లైవ్ రికార్డంటే జరిగింది జరిగినట్టు పట్టుకోవడమే అనుకునేవారికి ఇది మోసంగానే తోచవచ్చు. కానీ ఈ బృందం వేదిక మీద చేసే పనికీ, తర్వాత టేపు ముందు కూర్చుని చేసిన పనికీ మధ్య దూరం అనుకున్నంత లేదు. వేదిక మీద ఏడుగురు ఒకరినొకరు వింటూ, వందల దారుల్లోంచి ఒకటి ఎంచుకుంటూ పోతారు. టేపు ముందు చేసిందీ వినడం, ఎంచుకోవడమే. ఈ రికార్డు గొప్పతనం సగం ఆ రెండో ఎంపికలో ఉంది. అభిమానులు దాని గురించి అంతగా మాట్లాడరు.

ముందు డబ్బు సంగతి. ఇంత స్వేచ్ఛగా వినిపించే రికార్డు వెనక ఉన్నది మామూలు అప్పు. ఇదే ఏడాది జూన్‌లో వచ్చిన ‘ఆక్సోమాక్సోవా’ అనే స్టూడియో ఆల్బమ్‌ను వీళ్ళు మొదట 8 ట్రాక్‌ల యంత్రం మీద, అంటే ఎనిమిది శబ్దాలను విడివిడిగా పట్టే యంత్రం మీద, రికార్డ్ చేశారు. పని నడుస్తుండగా 16 ట్రాక్‌ల యంత్రం చేతికొచ్చింది. కొత్త బొమ్మ దొరికిన ఉత్సాహంలో మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టారు. ఖర్చు సుమారు 1,80,000 డాలర్లకు చేరింది. ఆ కాలానికి అది చాలా పెద్ద మొత్తం, అదంతా వార్నర్ బ్రదర్స్ రికార్డు కంపెనీకి బృందం పడ్డ బాకీ. ఆ పరిస్థితిలో లైవ్ రికార్డు తేలిక దారి. స్టూడియోకి గంటల లెక్కన కట్టక్కర్లేదు, ఎటూ వాయించే కచేరీలనే టేపు మీదకు ఎక్కిస్తే చాలు. పైగా స్టూడియోలో ఈ బృందం ఎప్పుడూ కాస్త బిగుసుకుపోయేదే. 1968 నాటి ‘యాంథమ్ ఆఫ్ ది సన్’లో ఆ బిగువును వదిలించుకోవడానికి స్టూడియో టేపుల మీద రకరకాల కచేరీల టేపులను పొరలుపొరలుగా పేర్చారు. వినడానికి వింతగా ఉంటుంది, కానీ అందులో మనుషులు కలిసి వాయిస్తున్నట్టుండదు.

కొత్త యంత్రం అసలు ప్రయోజనం ‘లైవ్/డెడ్’లో బయటపడింది. రాక్ సంగీతంలో 16 ట్రాక్‌ల మీద రికార్డ్ చేసిన తొలి లైవ్ ఆల్బమ్ ఇదేనని చెబుతారు. యాంపెక్స్ కంపెనీ తయారుచేసిన ఆ యంత్రం రెండు అంగుళాల వెడల్పు టేపు మీద పదహారు శబ్దాలను విడివిడిగా రాసుకుంటుంది. స్టూడియోల కోసం చేసిన ఆ బరువును డ్యాన్స్ హాళ్ళకు మోసుకెళ్ళారు. మైకుల దగ్గర ఇంకో చిక్కు ఉండేది. ఒకే మైకు నుంచి హాల్లోని స్పీకర్లకూ, టేపుకూ శబ్దం పంచితే రెండుచోట్లా నాణ్యత పడిపోయేది. రాన్ వికర్‌షామ్ అనే ఎలక్ట్రానిక్స్ నిపుణుడు నష్టం లేకుండా రెంటికీ పంచే పరికరం తయారుచేశాడు. రికార్డింగ్ బాధ్యత బాబ్ మాథ్యూస్, బెట్టీ కాంటర్‌లది.

ఈ సాంకేతికం ఎందుకు ముఖ్యమో బృందం అమరికను చూస్తే తెలుస్తుంది. జెర్రీ గార్సియా లీడ్ గిటార్, బాబ్ వియర్ రిథమ్ గిటార్, ఫిల్ లెష్ బేస్, బిల్ క్రూట్జ్‌మన్, మిక్కీ హార్ట్ అని ఇద్దరు డ్రమ్మర్లు, టామ్ కాన్‌స్టాంటెన్ ఆర్గన్, రాన్ మెకెర్నన్ గాత్రం, కాంగా డోళ్ళు. ఈ మెకెర్నన్‌ను లోకమంతా పిగ్‌పెన్ అనే పిలిచేది. ఇంతమంది ఒకేసారి, ఎవరి దారిన వాళ్ళు కదులుతుంటే నాలుగు ట్రాక్‌ల యంత్రానికి వినపడేది ముద్ద మాత్రమే. పదహారు ఉన్నప్పుడే బేస్ ఎక్కడుందో, రెండో గిటార్ ఏం చేస్తోందో చెవికి విడివిడిగా అందుతాయి. వీళ్ళ సంగీతంలో ఉన్న రుచి ఆ విడివిడి వినికిడిలోనే ఉంది.

‘డార్క్ స్టార్’ 1968లో సింగిల్‌గా వచ్చింది, నిడివి మూడు నిమిషాల లోపు. ఎవరూ పట్టించుకోలేదు. ఇక్కడ అదే పాట 23 నిమిషాలు దాటి మొదటి సైడ్ మొత్తం ఆక్రమించింది. ఎల్పీ ఒక సైడ్‌లో నాణ్యత చెడకుండా పట్టేది ఇంచుమించు అంతే. రాబర్ట్ హంటర్ రాసిన సాహిత్యం రెండు చిన్న చరణాలు. మొదటిది దాదాపు ఆరు నిమిషాలయ్యాక గానీ రాదు. రెండోది రికార్డు అయిపోవస్తుండగా వస్తుంది. మిగిలినదంతా అప్పటికప్పుడు అల్లుకున్నదే.

దేనిమీద అల్లుకున్నారన్నది తెలిస్తే వినడం తేలికవుతుంది. కార్డులు, అంటే ఒకేసారి మోగే స్వరాల గుత్తులు, చాలా తక్కువ. చాలాసేపు పాట ‘ఏ’ అనే ఆధార శ్రుతి చుట్టూనే తిరుగుతుంది. వాడిన స్వరాలను పాశ్చాత్యులు మిక్సొలీడియన్ అంటారు, మనకు అవి హరికాంభోజి స్వరాలు. స్వరాలు కలిసినంత మాత్రాన రాగం అయిపోదు. గమకం లేదు, సంచారాల కట్టుబాటు లేదు. అయినా కర్ణాటక సంగీతం విన్న చెవికి ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. కార్డులు మారితేనే పాట కదిలినట్టు అనుకునే శ్రోతకు ఇరవై మూడు నిమిషాలు ఒకేచోట నిలబడ్డట్టుంటుంది. ఒకే షడ్జమం మీద అరగంట ఆలాపన విన్నవారికి కదలిక ఎక్కడ వెతుక్కోవాలో ముందే తెలుసు.

తేడా మరోచోట ఉంది. మన కచేరీలో నడిపేది ఒకరు. వయొలిన్ వెంట నడుస్తుంది, తన వంతు వచ్చినప్పుడు జవాబు చెబుతుంది. ‘డార్క్ స్టార్’లో పక్కవాద్యమంటూ ఏదీ లేదు. ఫిల్ లెష్ మొదట ట్రంపెట్ వాయించేవాడు. మిల్స్ కాలేజీలో ఇటాలియన్ స్వరకర్త లూచానో బెరియో దగ్గర ఆధునిక సంగీతం చదువుకున్నాడు. 1965లో ఈ బృందంలో చేరేదాకా బేస్ గిటార్ పట్టినవాడే కాదు. బేస్ అంటే మూలస్వరాన్ని పట్టుకుని నిలబడాలన్న పద్ధతి చేతికి అలవాటు కాకముందే తన పద్ధతి తయారుచేసుకున్నాడు. రికార్డు పెట్టి గార్సియాను కాసేపు పక్కనబెట్టి బేస్ ఒక్కదాన్నే వినండి. అది గిటార్‌కు పునాది వేయడం లేదు, ఎదురు వాదిస్తోంది. గిటార్ పైకి పోతుంటే కిందికి దిగుతుంది, గిటార్ ఆగిన చోట తాను మాట పూర్తిచేస్తుంది. వియర్ పూర్తి కార్డులు వాయించడు, రెండు మూడు స్వరాల తునకలు విసురుతుంటాడు. జాన్ కోల్ట్రేన్ జాజ్ బృందంలో మెకాయ్ టైనర్ పియానో మీద ఎడమచేత్తో చేసిన పనిని గిటార్ మీదకు తెచ్చుకున్నానని అతనే చెప్పుకున్నాడు.

ఇద్దరు డ్రమ్మర్లు ఉండి కూడా ఈ పాటలో చాలాసేపు డ్రమ్స్ మోత లేదన్నది మరీ ఆశ్చర్యం. గాట్లు పెట్టిన సొరకాయ బుర్రను పుల్లతో గీకితే వచ్చే గుయిరో శబ్దం, తాళాల పలకల మీద చిన్న తాకిళ్ళు, అంతే. లయ అందరి చేతుల్లోనూ ఉంది గనుక ప్రత్యేకంగా ఎవరూ చాటనక్కర్లేదు. వాయించగలిగీ వాయించకుండా ఉండే ఈ నిగ్రహం ఆ కాలపు రాక్‌లో అరుదు. అప్పటి బృందాలకు పొడవాటి పాటంటే పొడవాటి డ్రమ్ సోలో.

రెండు చరణాల మధ్య ఏం జరుగుతుందో మాటల్లో చెప్పడం కష్టమే, అయినా ఒక నమూనా పట్టుకోవచ్చు. గార్సియా ఒక చిన్న పదం తీసుకుంటాడు, తిప్పి తిప్పి వాయిస్తాడు. రెండో మారో మూడో మారో లెష్ దాన్ని అందుకుంటాడు, కానీ అర అడుగు జరిపి. ఆ జరుగుడుకు వియర్ తునకలు సర్దుకుంటాయి. ఆర్గన్ తన పదాన్నే పట్టుకుని వదలదు. కాసేపటికి మొదట వాయించిన పదం ఎవరి చేతిలోనూ ఉండదు, అందరూ కొత్తచోట ఉంటారు. అక్కడికి పోదామని ఎవరూ నిర్ణయించినట్టుండదు. ఒత్తిడి పెరిగి పెరిగి, ఇక ఇది విడిపోతుందేమో అనిపించే దశలో ‘డార్క్ స్టార్’ మూల పదం మళ్ళీ వినిపిస్తుంది, అందరూ దాని మీదకు దిగుతారు. దారి తెలిసినవాళ్ళు గనకే అంత దూరం తప్పిపోగలిగారు.

రెండో సైడ్‌లో ‘సెయింట్ స్టీఫెన్’ చక్కటి పాటే, కానీ అది ఇక్కడ చేసేది వంతెన పని. దాని అవతల ‘ది ఇలెవెన్’ ఉంది. పేరులోనే ఉన్నట్టు అది పదకొండు అక్షరాల లెక్క: మూడు, మూడు, మూడు, రెండు. మన నోటితో చెప్పుకుంటే తకిట తకిట తకిట తక. పాశ్చాత్య జనప్రియ సంగీతంలో అందరూ నాలుగు మీదో మూడు మీదో నడిచే రోజుల్లో ఇది పెద్ద సాహసంగా కనిపించింది. మన సప్తతాళాల పట్టికలో పదకొండు కొత్తది కాదు. సంకీర్ణజాతి రూపకం పదకొండు, మిశ్రజాతి త్రిపుట పదకొండు. ఈ పాటకు బాగా దగ్గరైనది తిస్రజాతి ధ్రువం. పిల్లలు మొదటి అలంకారంగా నేర్చుకునే ధ్రువతాళం చతురస్రజాతిది, పద్నాలుగు అక్షరాలు. దాని లఘువులను మూడేసి అక్షరాలకు కుదిస్తే 3, 2, 3, 3 అవుతుంది. ద్రుతం తర్వాతి లఘువు నుంచి లెక్క మొదలుపెడితే అచ్చంగా ‘ది ఇలెవెన్’: 3, 3, 3, 2.

ఈ పోలిక కేవలం కాకతాళీయమని కొట్టేయలేం, అలాగని లెష్ మన పట్టిక చూసి పాట కట్టాడనీ చెప్పలేం. మధ్యలో ఉన్న మనిషి మిక్కీ హార్ట్. 1967 సెప్టెంబర్‌లో బృందంలో చేరిన హార్ట్, రవిశంకర్ సితార్ పక్కన తబలా వాయించిన ఉస్తాద్ అల్లా రఖా దగ్గర పాఠాలు తీసుకున్నాడు. బేసి లెక్కలను వేళ్ళ మీద కాక ఒంట్లో నిలుపుకునే సాధన అక్కడ్నుంచి వచ్చిందే. దాన్ని క్రూట్జ్‌మన్‌కూ అంటించాడు. తర్వాత అల్లా రఖా కొడుకు జాకిర్ హుస్సేన్‌తో కలిసి 1976లో ‘దిగా’ రికార్డు తెచ్చాడు. హార్ట్ తర్వాతి రికార్డు ‘ప్లానెట్ డ్రమ్’లో జాకిర్ పక్కన ఘటం విద్వాంసుడు విక్కు వినాయక్‌రామ్ కూడా ఉన్నారు. 1990ల మొదట్లో దానికి గ్రామీ వచ్చింది. ఆ స్నేహమంతటికీ తొలి మెట్టు 1969 టేపుల్లోనే వినిపిస్తుంది.

‘ది ఇలెవెన్’లో మెచ్చుకోవలసింది లెక్క కాదు, లెక్క వినపడకపోవడం. కచేరీలో తాళం చేతి మీద కనిపిస్తుంది, శ్రోతలూ తొడ మీద వేసుకుంటారు. అవలాన్‌లో అలా చూపించేవారు లేరు. అది కుర్చీలు వేసిన హాలు కాదు, డ్యాన్స్ హాలు. జనం నిలబడి ఆడుతున్నారు, అదీ పదకొండు మీద. ఆ చివరి ‘తక’ దగ్గర ఒక అడుగు తక్కువైనట్టు తూలి, వెంటనే తర్వాతి ఆవర్తంలోకి పడటమే పాటకు ఊపు. డ్రమ్మర్లిద్దరూ సమాన్ని ప్రతిసారీ గట్టిగా కొట్టరు. ఒకరు మూళ్ళను నిలబెడితే ఇంకొకరు వాటి మీదుగా గీత గీస్తారు. పాడటం మాత్రం, నిజం చెప్పాలంటే, అధ్వానం. ముగ్గురు మూడు వేరువేరు పంక్తులు ఒకేసారి అందుకుంటారు, ఒక్కటీ సరిగా అర్థం కాదు, శ్రుతి కూడా అంతంతే. ఈ బృందానికి గొంతులు ఎప్పుడూ రెండో మాటే.

ఆ లోటు పిగ్‌పెన్ తీరుస్తాడు. ‘టర్న్ ఆన్ యువర్ లవ్ లైట్’ బ్లూస్ గాయకుడు బాబీ బ్లాండ్ 1961లో పాడిన పాట. ఇక్కడది పదిహేను నిమిషాలు. కార్డులు మళ్ళీ పిడికెడే. వాటిమీద పిగ్‌పెన్ పాడతాడు, మాట్లాడతాడు, హాల్లో బిడియపడుతున్న కుర్రాళ్ళను జేబుల్లోంచి చేతులు తీయమని పురమాయిస్తాడు. బెరియో దగ్గర చదివిన లెష్, తబలా నేర్చిన హార్ట్ ఆ మాటల వెనక ఒద్దికగా బ్లూస్ వాయిస్తుంటారు. కొందరు విమర్శకులకు ఈ సైడ్ అంటే చిన్నచూపు. మొదటి సైడ్‌లోని గాంభీర్యాన్ని ఇది పాడుచేస్తుందని వాళ్ళ బాధ. కానీ ఇదీ మనోధర్మమే, మాటలతో చేసింది. మన హరికథకుడు కథను ఆపి ముందు వరసలోని పెద్దమనిషిని ఓ మాట అని మళ్ళీ లయలోకి వచ్చినప్పుడు, మృదంగం ఎక్కడా వదలకపోవడం తెలిసినవారికి ఈ పదిహేను నిమిషాలు పరాయివిగా ఉండవు.

నాలుగో సైడ్‌లో రెవరెండ్ గ్యారీ డేవిస్ పాట ‘డెత్ డోంట్ హావ్ నో మెర్సీ’ని గార్సియా పది నిమిషాల పైన పాడతాడు. రికార్డు మొత్తంలో అతని గొంతు ధైర్యంగా నిలబడింది ఇక్కడే. దాని తర్వాత ‘ఫీడ్‌బ్యాక్’, అంటే యాంప్లిఫయర్ల కూతలను ఆకారంలోకి మలచడానికి చేసిన ఎనిమిది నిమిషాల ప్రయత్నం. హాల్లో ఉన్నవారికి అది ఒంటికి తగిలే అనుభవమై ఉండవచ్చు. ఇంట్లో స్పీకర్లలో రెండోసారి వినాలనిపించదు. చివర అర నిమిషం వీడ్కోలు పాటతో రికార్డు ముగుస్తుంది.

ఇప్పుడు ‘సెయింట్ స్టీఫెన్’, ‘ది ఇలెవెన్’ మధ్య ఉన్న ఆ అతుకు దగ్గరికి వద్దాం. ఫిబ్రవరి 27 నుంచి మార్చి 2 దాకా ఫిల్‌మోర్ వెస్ట్‌లో వాయించిన నాలుగు రాత్రుల టేపులను 2005లో పది సీడీల పెట్టెగా విడుదల చేశారు. దాంతో ఎంపిక వెనక ఏముందో బయటివాళ్ళకూ తెలిసింది. ఆ నాలుగు రాత్రులూ ‘డార్క్ స్టార్’ వాయించారు. నాలుగూ నాలుగు రకాలు. ఫిబ్రవరి 27న ‘సెయింట్ స్టీఫెన్’ తర్వాత ‘ది ఇలెవెన్’ కూడా వాయించారు. అంటే ఆ రాత్రినే కొనసాగించి ఉండవచ్చు, అతుకు అవసరమే లేదు. అయినా జనవరి నాటి అవలాన్ టేపునే తెచ్చి కలిపారు. రెండూ పక్కపక్కన వింటే కారణం ఊహించవచ్చు. అవలాన్‌లో ఆ పదకొండు మరింత ఒరుసుకుంటూ పరుగెడుతుంది, లవ్ లైట్‌లోకి జారడం కూడా అక్కడ సాఫీగా ఉంది. మొదటి సైడ్‌కు అన్నిటికంటే నెమ్మదైన రాత్రిని, రెండో సైడ్‌కు అన్నిటికంటే దూకుడైన రాత్రిని ఎంచుకున్నారు. ఒకే కచేరీలో ఆ రెండూ అంత ఎత్తుకు చేరడం ఎప్పుడో గానీ జరగదు.

ఇలాంటి పని వీళ్ళొక్కరే చేయలేదు. ‘లైవ్/డెడ్’ పక్కన ఎప్పుడూ వినిపించే పేరు ఆల్మన్ బ్రదర్స్ బృందం ‘యట్ ఫిల్‌మోర్ ఈస్ట్’. 1971 మార్చిలో న్యూయార్క్‌లో రికార్డయింది. ఆ హాలు నడిపిందీ ఫిల్‌మోర్ వెస్ట్ యజమాని బిల్ గ్రాహమే. వాళ్ళకూ ఇద్దరు డ్రమ్మర్లే. అందులో ఒక సైడ్ మొత్తం నిండిన ‘విపింగ్ పోస్ట్’ కూడా ఇరవై మూడు నిమిషాలే, దాని ఎత్తుగడ కూడా మూడు మూళ్ళూ ఒక రెండూ, అంటే పదకొండే. నిర్మాత టామ్ డౌడ్ ‘యు డోంట్ లవ్ మీ’ని రెండు ప్రదర్శనల్లోంచి కోసి అతికించాడు. ఇన్ని పోలికలుండీ రెండు రికార్డులూ వినడానికి దూరపు చుట్టాలు కూడా కావు. ఆల్మన్ బ్రదర్స్ పాటలో సోలోలు వరసలో వస్తాయి, ఒక్కో వాద్యం తన వంతు తీసుకుంటుంది. డుయేన్ ఆల్మన్ గిటార్ ఎక్కడ శిఖరానికి చేరుతుందో ముందే తెలుస్తుంది, చేరినప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది. డెడ్ దగ్గర శిఖరం ఉంటుందన్న హామీ లేదు. మొదటిసారి వినేవారికి ఆల్మన్ రికార్డే ముందు చేతికివ్వాలి, అందులో సందేహం లేదు.

జాజ్ వైపు నుంచీ ఒక సందర్భం చెప్పుకోవాలి. 1970 ఏప్రిల్‌లో ఇదే ఫిల్‌మోర్ వెస్ట్‌లో మైల్స్ డేవిస్ బృందం గ్రేట్‌ఫుల్ డెడ్‌కు ముందు వాయించింది. ఎవరి ముందు ఎవరు వాయించారో చూస్తే అప్పటి మార్కెట్ తీరు తెలుస్తుంది. అంతటి వాద్యం తర్వాత తాము వేదిక ఎక్కాల్సి రావడం డెడ్ సభ్యులకు సిగ్గుగానే అనిపించిందని తర్వాత చెప్పుకున్నారు. బే ఏరియాలో ఉన్న మన తెలుగువాళ్ళలో చాలామంది ఈ హాలున్న మార్కెట్ స్ట్రీట్, వ్యాన్ నెస్ కూడలి దాటే ఉంటారు. ఆ భవనంలో తర్వాత చాలాకాలం హోండా కార్లు అమ్మారు.

‘లైవ్/డెడ్’ విడుదలయ్యే నాటికే బృందం మనసు మరో వైపు మళ్ళుతోంది. 1970లో వచ్చిన రెండు స్టూడియో ఆల్బమ్‌లు చిన్న పాటలవి, గిటార్ల మీద నెమ్మదిగా పాడుకునేవి. లెక్కగా కట్టిన పాటలు, తక్కువ ఖర్చు. ‘ది ఇలెవెన్’ అదే ఏడాది కచేరీల నుంచి మాయమైపోయింది. కాన్‌స్టాంటెన్ 1970 జనవరిలో వెళ్ళిపోయాడు, పిగ్‌పెన్ 1973లో 27 ఏళ్ళకే చనిపోయాడు. ‘డార్క్ స్టార్’ మాత్రం ఏళ్ళ తరబడి కనపడకుండా పోయి మళ్ళీ వస్తూ, 1995లో గార్సియా చనిపోయేలోపు 200 సార్లకు పైగా వేదికెక్కింది.

అభిమానులు కచేరీలను టేపు చేసుకోవడానికి బృందం అడ్డు చెప్పలేదు. 1984 నుంచి హాళ్ళలో వాళ్ళకు ప్రత్యేకంగా చోటు కూడా కేటాయించింది. షరతు ఒకటే, అమ్ముకోకూడదు. అలా వేల గంటల సంగీతం చేతులు మారింది, ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతోంది. ‘లైవ్/డెడ్’ మైకులు పెట్టిన బెట్టీ కాంటర్ 1977 మే 8న కోర్నెల్ విశ్వవిద్యాలయంలో చేసిన రికార్డింగ్‌ను అమెరికా జాతీయ రికార్డింగ్ రిజిస్ట్రీలోకి 2011లో తీసుకున్నారు.

అంత సరుకు పోగుపడ్డాక 1969 ఫిబ్రవరి 27 నాటి ‘డార్క్ స్టార్’ రెండొందలలో ఒకటి కావాలి. కాలేదు. అప్పటికప్పుడు అల్లిన ఆ 23 నిమిషాలు ఎంతమందికి కంఠతా వచ్చేశాయంటే, తర్వాతి తరం గిటారిస్టులు దాన్ని స్వరం స్వరం నేర్చుకుని వాయిస్తారు, మిగిలిన ‘డార్క్ స్టార్’లను దానితోనే కొలుస్తారు. 1972, 73 నాటి కొన్ని ప్రదర్శనలు దీనికంటే లోతుకు వెళ్ళాయని వాదించే టేపుల సేకర్తలు తక్కువమందేం కాదు. సాహసం వరకు వాళ్ళ మాట నిజమే. వాటిలో బృందం పాటను దాదాపు పూర్తిగా విప్పేసి, చాలాసేపు తాళమూ శ్రుతీ వదిలి తిరుగుతుంది. అయితే వాటిలో ఏది ఎక్కడ మొదలవాలో, దేని పక్కన నిలబడాలో తేల్చుకుని, ఎల్పీ సైడ్ కొలతకు ఒదిగేలా ఎవరూ కూర్చోబెట్టలేదు. ఫిబ్రవరి 27కు ఆ సంపాదకత్వం దొరికింది.